టేబుల్ మీద ప్రింటర్ తీసేయండి! క్యాంపస్‌లో కాగితం దుబారాకి అసలు కారణం ఇదే

గదికో ప్రింటర్ ఉన్నంతకాలం ఏ యూనివర్సిటీలోనూ కాగితం ఖర్చు తగ్గదు. మళ్ళీ చెప్తున్నా వినండి. గదికో ప్రింటర్ ఉన్నంతకాలం తగ్గదు. గోడ మీద స్టిక్కర్లు అంటించండి, ప్రతిజ్ఞలు చేయించండి, జూన్ 5న పర్యావరణ దినోత్సవానికి మొక్క నాటి ఫొటో దిగండి, ఏం చేసినా సరే, టేబుల్ మీద చెయ్యి చాపితే అందేంత దూరంలో ఆ డబ్బా ఉన్నంతకాలం రీముల మీద రీములు ఖర్చవుతూనే ఉంటాయి.

గొడవ మీలో చాలామందికి తెలిసిందే. తెలియని వాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. మన విశాఖలోనే ఒక క్యాంపస్, పేరు మనకి అనవసరం, గదుల్లో ఉన్న చిన్న ప్రింటర్లన్నీ వెనక్కి తీసుకుని అంతస్తుకి ఒక పెద్ద మిషన్ పెడతాం, రెండు వైపులా ప్రింట్ వస్తుంది, ఐడీ కార్డు ఆనిస్తేనే కాగితం బయటికి వస్తుంది అన్నారు. అంతే, స్టాఫ్ అంతా లేచారు. వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే రచ్చ. మమ్మల్ని అనుమానిస్తున్నారా అని ఒకరు, ఇన్నేళ్ళ సర్వీసు తర్వాత కాగితం కోసం కారిడార్‌లో నిలబడాలా అని ఇంకొకరు. నేను మాత్రం ఈ నిర్ణయం వంద శాతం కరెక్ట్ అంటాను, ఎందుకో చెప్తాను, చివరి దాకా ఉండండి.

నా థియరీ ఇది. టేబుల్ మీద ప్రింటర్ అనేది అవసరం కాదు, హోదా. మన ఆఫీసుల్లో ఒక మనిషి పెద్దవాడయ్యాడని ఎలా తెలుస్తుంది? కుర్చీ మీద తెల్ల టవల్ పడుతుంది. టేబుల్ మీద కాలింగ్ బెల్ వస్తుంది. ఆ తర్వాత సొంత ప్రింటర్ వస్తుంది. గదిలో ప్రింటర్ తీసేస్తాం అంటే వాళ్ళకి వినపడేది "మీ కుర్చీ ఒక మెట్టు దిగింది" అని. అందుకే ఇంత కోపం. రోజుకి నాలుగు పేజీలు ప్రింట్ తీసే మనిషి కూడా నా ప్రింటర్ నాకే కావాలి అంటున్నాడంటే అది పేజీల గురించి కాదు కదా!

సరే, లెక్క చూద్దాం. ఏ4 కాగితం 75 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకి 75 గ్రాముల మందం రకం అయితే ఒక్కో షీటు 4.7 గ్రాములు దాకా తూగుతుంది, 500 షీట్ల రీము 2.3 కిలోల పైచిలుకు. ఒక క్యాంపస్‌లో వంద గదులు, గదికి నెలకి ఒక్క రీము అనుకుందాం. పెద్ద క్యాంపస్‌కి ఇది ఎక్కువేం కాదు. ఏడాదికి 1,200 రీములు, అంటే 6 లక్షల షీట్లు, బరువులో 2.8 టన్నులు. ఇందులో అన్నీ రెండు వైపులా పడితే దాదాపు సగం మిగులుతుంది. ఒక ప్రింటు పేజీ వెనకున్న పర్యావరణ భారంలో పెద్ద వాటా కాగితం తయారీదే, ప్రింటర్ తాగే కరెంటుది కాదు. కలప, నీళ్ళు, గుజ్జు ఉడకబెట్టే ఆవిరి, తెల్లబరచే రసాయనాలు, అదంతా కాగితం ఖాతాలోనే పడుతుంది. పెద్ద మిషన్‌కి కరెంటు ఎక్కువ కదా అని అడిగే వాళ్ళకి ఇంతకంటే చెప్పను. వంద చిన్న ప్రింటర్లు రోజంతా ఆన్‌లో ఉండటం గురించి కూడా ఒకసారి ఆలోచించండి.

ఇప్పుడు అసలు పాయింట్. రెండు వైపులా ప్రింట్ తీయండి అని సర్క్యులర్లు ఎన్నో ఏళ్ళుగా వస్తున్నాయి. ఎవరైనా తీస్తున్నారా? లేదు. ఎందుకంటే గదుల్లో ఉన్న చిన్న మిషన్లలో చాలావాటికి అది చేతకాదు! మన ఆఫీసుల్లో ఏ మూల చూసినా కనిపించే హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, క్యానన్ ఎల్‌బీపీ 2900, ఏళ్ళ తరబడి నమ్మకంగా పనిచేసే మిషన్లే అవి, కాదనను, కానీ కాగితాన్ని దానంతట అది తిప్పి రెండో వైపు ప్రింట్ చేసే ఏర్పాటు వాటిలో లేదు. మనిషే కూర్చుని బేసి పేజీలు ముందు, సరి పేజీలు తర్వాత, కట్ట తిరగేసి పెట్టాలి. ఒక్కసారి తలకిందులుగా పెడితే మొత్తం పాడు. సాయంత్రం నాలుగున్నరకి ఫైలు పైకి పంపాల్సిన టెన్షన్‌లో ఎవడు చేస్తాడండీ ఆ పని? ఆ పరిస్థితిలో ఉన్న సీనియర్ అసిస్టెంట్‌ని నేను తప్పుపట్టను. మిషన్‌ని తప్పుపడతాను. ఆ మిషన్ అక్కడ పెట్టిన వాళ్ళని తప్పుపడతాను.

పెద్ద మిషన్‌లో డిఫాల్ట్‌గానే రెండు వైపులా పెట్టి ఉంచితే ఎవరికీ ఏదీ గుర్తుపెట్టుకునే పని లేదు. ఒకవైపే కావాలంటే కోరి మార్చుకోవాలి. మనుషుల మంచితనం మీద ఆధారపడకుండా సెట్టింగ్ మీద ఆధారపడటం, నేను అడుగుతున్నది ఇదే.

"వైజాగ్ గాలికి రెండు వైపులా ప్రింట్ తీస్తే కాగితం ఇరుక్కుంటుంది గురూ, నీకేం తెలుసు" అనేది చాలామంది మాట. ఇది నిజమైన సమస్య, కొట్టిపారేయను. కాగితం గాలిలో తేమ పీల్చుకుంటుంది. ప్రింటింగ్‌కి వాడే కాగితం మామూలుగా 40 నుంచి 60 శాతం తేమ ఉన్న గాలిలో ఉండాలంటారు, మన సముద్రపు ఊళ్ళో చాలా నెలలు 70 దాటే ఉంటుంది. లేజర్ ప్రింటర్ లోపల టోనర్ పొడిని కాగితానికి అతికించే రోలర్ దాదాపు 200 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. తేమ పట్టిన కాగితం ఆ వేడికి ఒక్కసారిగా ఆరి వంకర తిరుగుతుంది, ఆ వంకర షీటే రెండో వైపుకి మళ్ళీ లోపలికి వెళ్ళాలి, అక్కడ ఇరుక్కుంటుంది. జరిగేది ఇదీ.

అయితే ఆ తేమ ఎక్కడ పడుతోందో చూడండి. గదిలో రీము చించి, సగం ట్రేలో పెట్టి, మిగతాది కిటికీ పక్కనో నేల మీదో వదిలేస్తారు. ఆ సగం రీము మూడు నాలుగు వారాలు అక్కడే పడి సముద్రం గాలంతా తాగుతుంది. అదే అంతస్తుకొక మిషన్ అయితే రీము విప్పిన రోజో మర్నాడో అయిపోతుంది, తేమ పట్టే టైమే ఉండదు! అంటే మీరు చెప్పిన తేమ సమస్యకి మందు కూడా పెద్ద మిషనే. రీము కవర్ లోపల ప్లాస్టిక్ పొర ఉండేదే తేమ రాకుండా, దాన్ని అవసరమైనప్పుడే చించండి, మిగిలితే కవర్ మడిచి బీరువాలో పెట్టండి. కవర్ మీద బాణం గుర్తు ఉంటుంది, ముందుగా ప్రింట్ పడాల్సిన వైపు అదే, ట్రేలో దాని ప్రకారం పెట్టండి. ఇంత చిన్న విషయం ఎవరూ స్టాఫ్‌కి చెప్పరు, చెప్పకుండా జామ్ అయింది, జామ్ అయింది అని అరుస్తారు.

తర్వాత రహస్యం సంగతి. ఎగ్జామ్ సెక్షన్ కాగితాలు కారిడార్‌లో ప్రింట్ ఎలా తీస్తాం అంటున్నారు. కార్డు పద్ధతి ఉన్నదే దానికండీ! మీరు గదిలో ప్రింట్ కొడితే మిషన్ ఏమీ తీయదు, పట్టుకుని కూర్చుంటుంది. మీరు వెళ్ళి మీ కార్డు ఆనిస్తేనో, పిన్ కొడితేనో, మీ కళ్ళ ముందు వస్తుంది. మీరు వెళ్ళకపోతే కొన్ని గంటల తర్వాత ఆ పని దానంతట అదే రద్దయిపోయేలా పెట్టుకోవచ్చు. ఇప్పుడు గదుల్లో ఏం జరుగుతోంది? ప్రింట్ కొట్టి మర్చిపోయిన షీట్లు ట్రే మీద సాయంత్రం దాకా పడి ఉంటాయి, వచ్చినవాడు చదువుతాడు, పోయినవాడు చదువుతాడు. ఏది రహస్యం? ప్రశ్నపత్రాల లాంటి వాటికి తాళం వేసిన గదిలో వేరే మిషన్ పెట్టండి, ఎవరూ వద్దనరు. ఆ ఒక్క సెక్షన్ పేరు చెప్పి మిగతా గదులన్నీ ప్రింటర్లు అడగడం మాత్రం కుదరదు.

హార్డ్ కాపీ లేకపోతే చెల్లదు అనే మాట ఇంకొకటి. ఎలక్ట్రానిక్ రికార్డుకి చట్టం గుర్తింపు ఇచ్చింది 2000 సంవత్సరపు ఐటీ చట్టంలో. సర్టిఫికెట్లు ఆన్‌లైన్‌లో దాచుకునే ప్రభుత్వ డిజిలాకర్ వచ్చింది 2015లో, అందులో ఉన్న డిగ్రీ సర్టిఫికెట్లు చెల్లుతాయని యూజీసీయే యూనివర్సిటీలకి చెప్పింది. కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ తయారుచేసిన ఈ-ఆఫీస్, అంటే ఫైళ్ళు కంప్యూటర్‌లోనే నడిపే పద్ధతి, మన రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసుల్లో ఏళ్ళుగా నడుస్తోంది. అయినా ఏం చేస్తున్నారో చెప్తా వినండి. ఈ-ఆఫీస్‌లో వచ్చిన ఫైలుని ప్రింట్ తీసి, పెన్నుతో దాని మీద రాసి, ఆ రాసింది చూసి మళ్ళీ కంప్యూటర్‌లో టైపు చేయిస్తున్నారు! ముందురోజు రాత్రి వాట్సాప్‌లో అందరూ చదివేసిన సర్క్యులర్‌ని పొద్దున్నే ప్రింట్ తీసి ఫైల్లో పెడుతున్నారు. ఆ సర్క్యులర్ అడుగున చూస్తే అన్ని శాఖల అధిపతులకి ఒక కాపీ, అన్ని సెక్షన్లకి ఒక కాపీ, స్టాక్ ఫైలుకి ఒకటి, స్పేర్ రెండు. స్పేర్ ఎందుకండీ? సాఫ్ట్ కాపీ ఉండగా స్పేర్ ఎందుకు?

కాగితం అయితే భద్రం అనేవాళ్ళకి ఒక్క తేదీ గుర్తుచేస్తా. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుఫాను. కిటికీలు పగిలి గదుల్లోకి వాన నీళ్ళు కొట్టిన ఊరు మనది. తడిసిన కట్ట ఎండబెడితే ఏమవుతుందో మన ఊరి వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. కరెంటు కూడా రోజుల తరబడి పోయింది కదా అంటారు, పోయింది, నిజమే. కరెంటు తిరిగొచ్చింది, వేరే ఊళ్ళో బ్యాకప్ ఉన్న ఫైలు దానితో పాటే తిరిగొస్తుంది. అప్పుడు ఆంధ్రా యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎన్ని చెట్లు కూలాయో, ఆ తర్వాత ఆ దారులు ఎంత బోసిపోయాయో చూసినవాళ్ళకి చెట్టు విలువ ఇంకొకరు చెప్పాలా?

చెట్ల మాట వచ్చింది కాబట్టి, మన రాష్ట్రంలో కాగితం గుజ్జుకి వెళ్ళేది ఎక్కువగా అడవి చెట్టు కాదు, రైతు పొలంలో పెంచిన సరుగుడు, సుబాబుల్, నీలగిరి. రాజమహేంద్రవరం మిల్లు నడిచేది అలాంటి కలప మీదే.  కాబట్టి ప్రింట్ తగ్గిస్తే రైతు నష్టపోతాడు అని ఒక సార్ వాదించారు. అయ్యా, రైతు మీద అంత ప్రేమ ఉంటే సరుగుడుకి రేటు రావాలని మాట్లాడండి. ఎవరూ చదవని స్పేర్ కాపీ తీయడం రైతుకి సాయం కాదు.

కార్ట్రిడ్జ్‌ల, అంటే టోనర్ పొడి ఉండే డబ్బాల, సంగతి వదిలేస్తే నాకు నిద్ర పట్టదు. చిన్న ప్రింటర్ 12ఏ కార్ట్రిడ్జ్ 2,000 పేజీలకి అంటారు, అదీ పేజీలో 5 శాతమే ఇంకు పడితే. మన లెటర్‌హెడ్ మీద అంత పెద్ద నల్ల ఎంబ్లమ్, కింద నల్ల పట్టీ పెడితే ఎక్కడ వస్తుంది 2,000? పెద్ద మిషన్లలో ఒక్క టోనర్‌తో 20 వేల పేజీలు దాటేవి చాలా ఉన్నాయి. వంద గదుల్లో పది రకాల మోడళ్ళు, పది రకాల డబ్బాలు, స్టోర్‌లో ఒకటి ఎక్కువ, ఒకటి లేదు. రీఫిల్ చేసే కుర్రాళ్ళ పని మంచిదే, డబ్బా పారేయకుండా మళ్ళీ వాడుతున్నారు. కానీ లోపల అక్షరాల్ని కాగితం మీదికి ఎక్కించే డ్రమ్ అరిగిపోయాక కూడా నింపుతూ పోతే గీతలు పడతాయి, ఆ గీతల షీట్లన్నీ చెత్తబుట్టకే. పనైపోయిన కార్ట్రిడ్జ్ ఇ-వేస్ట్, అంటే ఎలక్ట్రానిక్ చెత్త. 2022 ఇ-వేస్ట్ నియమాల్లో ప్రింటర్లతో పాటు కార్ట్రిడ్జ్‌లు కూడా ఉన్నాయి. మామూలు చెత్తలో కలిపి కాపులుప్పాడలో ఉన్న మన ఊరి చెత్త యార్డుకి పంపే వస్తువు కాదది.

ఇప్పుడు నాకు బాగా కోపం తెప్పించే విషయం. ఈ పద్ధతి పెట్టారనుకోండి, కారిడార్‌లోకి ఎవరు వెళ్తారు? సార్ వెళ్ళరు. బెల్ కొడతారు. అటెండర్ వెళ్తాడు, సార్ కార్డు పట్టుకుని. యాభై దాటిన మనిషిని రోజుకి ఇరవై సార్లు మెట్లు ఎక్కించి దింపి, మేం పర్యావరణాన్ని కాపాడుతున్నాం అని బోర్డు పెడతారా? దీనికి నేను ఒప్పుకోను. మోకాళ్ళ నొప్పులు ఉన్నవాళ్ళకి, వికలాంగులకి దగ్గర్లోనే మిషన్ పెట్టండి, అది వాళ్ళ హక్కు. కానీ ఆరోగ్యంగా ఉన్న ప్రతి మనిషీ తన కాగితం తానే తెచ్చుకోవాలి. లేచి నడవాలి అనేసరికి ఇది నిజంగా కావాలా అని చెయ్యి ఆగుతుంది. అటెండర్‌ని పంపితే ఆ ఆగడం అనేదే ఉండదు, మొత్తం ప్లాన్ అక్కడే చచ్చిపోతుంది.

అందుకని నా డిమాండ్ ఇంకో అడుగు ముందుకి. ఆ మిషన్‌లో ఎవరు ఎన్ని పేజీలు తీశారో లెక్క ఉంటుంది. నెలకోసారి ఆ లెక్క, పేజీల సంఖ్య మాత్రమే, ఏం ప్రింట్ తీశారో వద్దు, నోటీసు బోర్డు మీద పేర్లతో పెట్టండి. రిజిస్ట్రార్ నుంచి జూనియర్ అసిస్టెంట్ దాకా అందరివీ. పబ్లిక్ డబ్బుతో కొన్న కాగితం అది, దాచడానికి ఏముంది? అవమానం అంటారా, రెండో నెల బోర్డు చూడండి, మీకే తెలుస్తుంది.

మీలో యూనివర్సిటీల్లో, కాలేజీల్లో పనిచేసేవాళ్ళు ఎవరైనా ఉంటే రేపు ఆఫీసుకి వెళ్ళగానే మీ ప్రింటర్ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్‌గా ఒకవైపు ఉందా, రెండు వైపులా ఉందా చూసి కింద రాయండి, మీ ఊరి పేరుతో. వచ్చే వీడియో పీహెచ్‌డీ థీసిస్ కాపీల మీద. 2009 నుంచీ యూజీసీ సాఫ్ట్ కాపీ ఇవ్వమంటోంది, థీసిస్‌లు దాచే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో అప్‌లోడ్ చేస్తున్నారు, అయినా ఒకవైపే ప్రింట్ వేసిన అట్ట బైండింగులు ఇంకా ఇన్నేసి ఎందుకు అడుగుతున్నారో ఆ లెక్క తేలుద్దాం.