మొదటి క్యారెక్టర్ షీట్: 2014 కాగితమా, 2024 కాగితమా, యాప్‌యా?

నమస్కారం. బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా ఆడే టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటలు నేర్చుకోవాలని ఉత్సాహంగా వచ్చినవారిలో చాలామంది, ఒక్క పాచిక కూడా వేయకముందే, పాత్ర వివరాలు, అంకెలు రాసుకునే క్యారెక్టర్ షీట్ దగ్గర తడబడతారు. ఎదురుగా నిండా గడులున్న కాగితం, చుట్టూ తమకంటే అనుభవమున్న ఆటగాళ్లు, ఏ గడిలో ఏం రాయాలో తోచని అయోమయం. ఈ వీడియోలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటకు అధికారికంగా వచ్చిన రెండు షీట్లను, అంటే ఐదో ఎడిషన్‌తో 2014లో వచ్చినదానిని, సవరించిన నియమాలతో 2024లో వచ్చినదానిని, వాటితోపాటు లెక్కలన్నీ తానే వేసి షీటు నింపిపెట్టే యాప్‌ను కూడా పక్కపక్కన పెట్టి పరిశీలిస్తాను. నా కొలమానం ఒక్కటే. షీటు మీదున్న ప్రతి అంకె ఎక్కడి నుంచి వచ్చిందో కొత్త ఆటగాడికి ఆ షీటును చూస్తేనే తెలియాలి.

ఈ కొలమానాన్నే ఎందుకు ఎంచుకున్నానో చెబుతాను. నేను మొదటిసారి ఆడిన రోజున నా యోధుడి బలం గడిలో 16 అని రాసుకున్నాను. కత్తి దెబ్బ వేయమన్నప్పుడు 20 ముఖాల పాచిక మీద వచ్చిన అంకెకు ఆ 16 మొత్తాన్నీ కలిపాను. మూడో దెబ్బకు, ఆట నడిపించే డంజన్ మాస్టర్‌కు అనుమానం వచ్చి, ఆట ఆపి, నా కాగితం తీసుకుని చూశారు. కలపవలసింది 16 కాదు, 16 నుంచి పుట్టే ప్లస్ 3 అనీ, దానికి, పాత్రకు పట్టున్న పనుల్లో కలిసే ప్రొఫిషియెన్సీ బోనస్ కూడా చేరుతుందనీ ఓపికగా వివరించారు. ఆ తర్వాత చాలామంది కొత్తవారి పక్కన కూర్చుని షీట్లు నింపించాను. ఇదే పొరపాటు మళ్లీ మళ్లీ చూశాను కాబట్టి, దీనిలో కొంత బాధ్యత కాగితానిదే అని నమ్ముతున్నాను.

ఇప్పుడు తెర మీద ఉన్నది 2014 షీటు. మొత్తం మూడు పేజీలు. మొదటి పేజీలో ఎడమ అంచున పైనుంచి కిందికి ఆరు సామర్థ్యాల గడులున్నాయి: స్ట్రెంగ్త్ (బలం), డెక్స్‌టెరిటీ (చురుకుదనం), కాన్‌స్టిట్యూషన్ (దేహదారుఢ్యం), ఇంటెలిజెన్స్ (తెలివి), విజ్‌డమ్ (వివేకం), కరిస్మా (ఆకర్షణ). ఒక్కో గడిలో పెద్ద ఖాళీ ఒకటి, దాని అడుగున చిన్న గుండ్రటి ఖాళీ ఒకటి. దేనిలో స్కోరు (16 లాంటి అసలు అంకె) రాయాలో, దేనిలో మాడిఫయర్ (దాన్నుంచి పుట్టే ప్లస్ 3 లాంటిది) రాయాలో చెప్పే మాట ఆ గడి మీద ఎక్కడా లేదు. ఆటలో పాచిక వేసిన ప్రతిసారీ అక్కరకొచ్చేది మాడిఫయర్. స్కోరు దాదాపుగా ఆ మాడిఫయర్‌ను రాబట్టుకోవడానికి మాత్రమే పనికొస్తుంది. ఇంత ముఖ్యమైన తేడాను షీటు చెప్పకుండా వదిలేయడం నా దృష్టిలో పెద్ద లోపం.

రెండో ఇబ్బంది స్కిల్స్ జాబితా. పద్దెనిమిది స్కిల్స్‌నూ ఇంగ్లీషు అక్షర క్రమంలో పేర్చి, ఏది ఏ సామర్థ్యానికి చెందుతుందో పక్కన చిన్న అక్షరాల్లో వేశారు. చాటుగా కదిలే స్కిల్ అయిన స్టెల్త్‌కు ఎంత కలపాలో తెలుసుకోవాలంటే జాబితా అడుగుదాకా వెళ్లి, ఆ చిన్న అక్షరాలు చదివి, మళ్లీ ఎడమవైపు గడుల్లో డెక్స్‌టెరిటీ వెతుక్కోవాలి. అలవాటైనవారికి ఇది ఒక క్షణం పని. కొత్తవారు మాత్రం పాచిక చేతిలో పట్టుకుని వెతుకుతుంటే, బల్ల చుట్టూ ఉన్నవారంతా తమకోసమే ఆగారన్న బిడియంతో నలిగిపోతారు. అయితే ఈ షీటులో నాకెంతో ఇష్టమైన భాగమూ ఒకటి ఉంది. కుడివైపున పాత్ర స్వభావానికి, ఆదర్శానికి, బంధానికి, లోపానికి వేర్వేరుగా నాలుగు గడులు ఇచ్చి, ఈ మనిషి ఎవరు అన్న ప్రశ్నను మొదటి పేజీలోనే, ఆయుధాల సరసనే నిలబెట్టారు.

2024 షీటు రెండు పేజీలకు కుదిరింది. ప్రతి సామర్థ్యం గడిలోనూ మాడిఫయర్, స్కోరు అని విడివిడిగా అచ్చువేశారు. ఆ గడి కిందనే దానికి సంబంధించిన సేవింగ్ త్రో (ఆపదను తట్టుకోవడానికి వేసే పాచిక), దాని కింద ఆ సామర్థ్యానికి చెందిన స్కిల్స్ ఉన్నాయి. డెక్స్‌టెరిటీ కింద అక్రోబాటిక్స్, స్లైట్ ఆఫ్ హ్యాండ్, స్టెల్త్ వరుసగా కనబడతాయి. కాన్‌స్టిట్యూషన్ కింద సేవింగ్ త్రో తప్ప మరేమీ లేదు. ఆ ఖాళీని చూడగానే, ఈ సామర్థ్యం చేసే పనులకు కాదు, తట్టుకునే శక్తికి చెందినదన్న సంగతి ఎవరూ వివరించకుండానే అర్థమవుతుంది.

మాటలతో చెప్పేకంటే 2024 నియమాల ప్రకారం ఒక పాత్రను మీ ఎదుటే తయారుచేస్తాను. పేరు నీల, హాఫ్లింగ్ అనే పొట్టివారి జాతి, రోగ్ (చాటుగా పనిచేసే దొంగ లాంటి) క్లాస్, అంటే వృత్తి, క్రిమినల్ నేపథ్యం, మొదటి లెవెల్. ఇవన్నీ ఉచితంగా దొరికే నియమాల్లోనే ఉన్నాయి కాబట్టి పుస్తకం కొనకుండానే మీరూ నాతోపాటు రాసుకోవచ్చు. స్కోర్ల కోసం స్టాండర్డ్ అర్రే, అంటే ముందే నిర్ణయించిన ఆరు అంకెలు, తీసుకుంటున్నాను: 15, 14, 13, 12, 10, 8. నాలుగు పాచికలు వేసి చిన్నదాన్ని వదిలేసే పద్ధతి, 27 పాయింట్లతో స్కోర్లు కొనుక్కునే పద్ధతి కూడా ఉన్నాయి గాని, మొదటి పాత్రకు అవి అనవసరమైన బరువు. డెక్స్‌టెరిటీకి 15, విజ్‌డమ్‌కు 14, కాన్‌స్టిట్యూషన్‌కు 13, కరిస్మాకు 12, ఇంటెలిజెన్స్‌కు 10, స్ట్రెంగ్త్‌కు 8 ఇచ్చాను. క్రిమినల్ నేపథ్యం వల్ల డెక్స్‌టెరిటీకి 2, కాన్‌స్టిట్యూషన్‌కు 1 చేర్చాను. అవి 17, 14 అయ్యాయి.

ఇక మాడిఫయర్లు. స్కోరు నుంచి 10 తీసేసి, మిగిలినదాన్ని సగం చేసి, అర వస్తే కిందికి దించాలి. 17కు ప్లస్ 3, 14కు ప్లస్ 2, 8కి మైనస్ 1. దించడం అన్న మాట దగ్గర కొంచెం ఆగండి. 9 వచ్చినవారు సున్నా అని రాసేస్తారు, కాని అది కూడా మైనస్ 1 అవుతుంది. అలాగే 16కూ 17కూ ఒకటే ప్లస్ 3. బేసి స్కోరు ఇప్పటికిప్పుడు ఏమీ ఇవ్వదు, తర్వాతి పెరుగుదల కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

ఇక్కడి నుంచి మిగిలిన గడులు ఒకదాన్నుంచి ఒకటి పుట్టుకొస్తాయి. రోగ్‌కు మొదటి లెవెల్‌లో హిట్ పాయింట్స్ (ఎంత నష్టం తట్టుకోగలదో చెప్పే అంకె) 8, దానికి కాన్‌స్టిట్యూషన్ 2 చేరితే 10. తోలు కవచానికి 11, దానికి డెక్స్‌టెరిటీ 3 చేరితే ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే శత్రువు అందుకోవలసిన అంకె) 14. షార్ట్‌సోర్డ్‌తో దెబ్బ వేసేటప్పుడు డెక్స్‌టెరిటీ 3, ప్రొఫిషియెన్సీ బోనస్ 2, మొత్తం ప్లస్ 5. ఆ దెబ్బ తగిలితే జరిగే నష్టానికి ఆరు ముఖాల పాచిక మీద 3 మాత్రమే కలుస్తుంది, ప్రొఫిషియెన్సీ కలవదు. తగలడానికి ఒక లెక్క, నష్టానికి ఇంకొక లెక్క అన్నది కొత్తవారిని ఎక్కువగా తికమకపెట్టే చోటు. అందుకే ఆయుధాల పట్టికలో ఆ రెండు అంకెలనూ ముందే రాసిపెట్టుకోవాలి. స్టెల్త్‌ను నీల ఎక్స్‌పర్టీజ్ కింద ఎంచుకుంది కాబట్టి ప్రొఫిషియెన్సీ రెండింతలై మొత్తం ప్లస్ 7 అవుతుంది. చుట్టూ గమనించే పర్సెప్షన్ కూడా నేర్చుకుంది కనుక అది ప్లస్ 4, పాచిక వేయకుండానే వాడే ప్యాసివ్ పర్సెప్షన్ దానికి 10 కలిపి 14.

పోరాటంలో ఎవరి వంతు ముందో తేల్చే ఇనీషియేటివ్ గడి దగ్గర మాత్రం షీటు మనకు సాయం చేయదు. సాధారణంగా అక్కడ డెక్స్‌టెరిటీ మాడిఫయర్ రాస్తే చాలు. కాని క్రిమినల్ నేపథ్యంతో వచ్చే అలర్ట్ అనే ఫీట్ (పాత్రకు దక్కే అదనపు ప్రత్యేకత) దానికి ప్రొఫిషియెన్సీ బోనస్‌ను కూడా చేరుస్తుంది. అంటే నీలకు ప్లస్ 5. ఫీట్ల గడి కింద మూలన ఉంది, ఇనీషియేటివ్ పైన ఉంది, ఈ రెండింటికీ సంబంధం ఉందని కాగితం మీద ఎక్కడా కనబడదు. నేనైతే అలాంటి అంకె పక్కన, అది దేనివల్ల వచ్చిందో చిన్న అక్షరాలతో రాయిస్తాను. అలర్ట్ అని ఒక్క మాట రాస్తే, నెల తర్వాత చూసుకున్నా సందేహం రాదు.

ఇప్పుడు యాప్ సంగతి. ఈ ఆట అధికారిక యాప్ అయిన డీ అండ్ డీ బియాండ్‌లో క్లాస్, జాతి, నేపథ్యం ఎంచుకుంటే పై లెక్కలన్నీ క్షణంలో వచ్చేస్తాయి, తప్పు పోదు, ఇనీషియేటివ్‌లో అలర్ట్ కూడా దానంతటదే కలిసిపోతుంది. మంత్రాలు ఎక్కువగా వాడే పాత్రకు ఇది నిజంగా పెద్ద వరం. అయినా మొదటి పాత్రకు దీన్ని నేను సిఫారసు చేయను. ప్లస్ 7 మీద నొక్కితే పాచిక దొర్లుతుంది, కాని ఆ 7 ఎందుకో ఆటగాడికి తెలియదు. కవచం పోయినప్పుడు, శాపం తగిలినప్పుడు, డంజన్ మాస్టర్ ఈసారి బలం బదులు తెలివితో ప్రయత్నించు అన్నప్పుడు, లెక్క తెలిసినవారు వెంటనే బదులు చెబుతారు, తెలియనివారు తెరవైపు చూస్తూ ఉండిపోతారు. రెండో పాత్రను యాప్‌లో చేసుకోండి, హాయిగా ఉంటుంది.

షీటు అంటే ఇలాగే ఉండాలన్న నియమం లేదని చెప్పడానికి మరో రెండు ఆటల పేర్లు ప్రస్తావిస్తాను. 1981లో మొదలైన కాల్ ఆఫ్ కథుల్హు ఆటకు ఏడో ఎడిషన్ షీటులో ప్రతి నైపుణ్యం పక్కన పూర్తి అంకె, దానిలో సగం, దానిలో ఐదో వంతు రాసుకునే చోటుంటుంది. 60 ఉంటే 30, 12. పని ఎంత కష్టమైతే అంత చిన్న అంకెకు లోబడి పాచిక పడాలి. ఆట మధ్యలో కూడిక అక్కర్లేదు. 2010లో వచ్చిన అపోకలిప్స్ వరల్డ్ ఇంకో అడుగు ముందుకు వేసి, పాత్ర తయారీ సూచనలను షీటులోనే అచ్చువేసింది. చదువుతూ టిక్కులు పెట్టుకుంటూ పోతే పాత్ర సిద్ధం. లెక్కలంటే జంకేవారికి నేను ముందు ఇలాంటి ఆటనే చూపిస్తాను.

2024 షీటు మీద నాకున్న మరో ఫిర్యాదు రెండో పేజీలో ఉంది. పాత షీటులోని ఆ నాలుగు గడులనూ తీసేసి, గతం, స్వభావం అన్నింటికీ కలిపి ఒకే ఖాళీ ఇచ్చారు. ఖాళీ గడి చూసి కొత్తవారు ఒకటే మాట అడుగుతారు, ఏం రాయాలి అని. కొందరు ఏమీ రాయరు, ఇంకొందరు ఇంటి దగ్గర నాలుగు పేజీల కథ రాసుకొస్తారు. ఆ నాలుగు పేజీలూ చదివే తీరిక ఎవరికీ ఉండదు. నీలకు నేను రాసింది ఇది: తాళాలు చేసే గురువు దగ్గర పని నేర్చుకుంది, ఆయన ఎన్నడూ తెరవవద్దన్న పెట్టెను తెరిచింది, ఆ రాత్రే పారిపోయింది, పెట్టెలో ఏముందో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. దీనిలో డంజన్ మాస్టర్ వాడుకోవడానికి ఒక మనిషి ఉన్నాడు, ఒక వస్తువు ఉంది, ఆటగాడు దాచుకోవలసిన రహస్యం ఉంది. మీరు రాసేదాంట్లో బతికున్న మనిషి కనీసం ఒకరైనా ఉండేలా చూసుకోండి. కుటుంబమంతా చనిపోయిన పాత్రకోసం తలుపు తట్టేవారు ఎవరూ ఉండరు.

రెండు షీట్లూ అధికారిక వెబ్‌సైట్‌లో ఉచితంగా పీడీఎఫ్ రూపంలో దొరుకుతాయి. 2024 షీటునే ప్రింట్ తీసుకుని, పెన్ను పక్కన పెట్టి, పెన్సిల్‌తో రాయండి. హిట్ పాయింట్స్ ప్రతి పోరాటంలోనూ మారతాయి, బాణాలు తగ్గుతాయి, నాణేలు చేతులు మారతాయి. నీల రెండో లెవెల్‌కు చేరినప్పుడు రోగ్‌కు నిర్ణయించిన 5, కాన్‌స్టిట్యూషన్ 2 కలిసి మరో ఏడు హిట్ పాయింట్స్ వస్తాయి. అప్పుడు 10 చెరిపి 17 రాసి, క్లాస్ ఫీచర్ల గడిలో రోగ్‌కు కొత్తగా వచ్చే కనింగ్ యాక్షన్ అనే నేర్పును చేర్చండి. ప్రొఫిషియెన్సీ బోనస్‌ను మాత్రం ముట్టుకోకండి, అది నాలుగో లెవెల్ దాకా 2గానే ఉంటుంది.