35 దాటితే ఆపరేషనేనా? విశాఖ స్టూడియోలో చర్చ

యాంకర్: నమస్కారం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటులో అయితే 63. ఇక తల్లికి 35 దాటాయంటే ముందే డేటు రాసేస్తున్నారు. మేడం, వయసు ఒక్కటే కారణంగా సరిపోతుందా?

గైనకాలజిస్టు: సరిపోదండీ. వయసుతోపాటు వచ్చే బీపీ, షుగర్, మాయ కిందికి ఉండడం, ఐవీఎఫ్ కవలలు, ఇవి చూడాలి. ఇవేవీ లేవు, బిడ్డ తల కిందికే ఉంది. అలాంటి 36 ఏళ్లావిడ నార్మల్‌కి ఎందుకు ప్రయత్నించకూడదు?

యాంకర్: గాజువాక నుంచి ఒకరు లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

ఫోన్‌లో: నాకు 38 మేడం, తొలి కాన్పు. మా అత్తయ్యగారు పంతులుగారితో ముహూర్తం పెట్టించారు. ఆ రోజుకి 37 వారాలే నిండుతాయి.

పిల్లల డాక్టరు: దీనికి నేను చెప్తాను. నొప్పులు రాకముందే, 39 వారాలు నిండకుండా కోసి తీస్తే కొందరు పిల్లల ఊపిరితిత్తుల్లో నీరు పూర్తిగా ఇంకదు. నిమిషానికి 60 సార్లకు పైగా రొప్పుతారు, ముక్కుపుటాలు ఎగరేస్తారు, మూలుగుతారు. తల్లి వార్డులో, బిడ్డ ఎన్ఐసీయూలో, అంటే పసికందుల ఐసీయూలో. చాలామంది రెండు మూడు రోజుల్లో తేరుకుంటారు, నిజమే. కానీ కోరి తెచ్చుకోవడం దేనికి? ముహూర్తం కావాలంటే 39 నిండాకే చూడమనండి.

ఫోన్‌లో: అంతదాకా ఆగితే కడుపులో బిడ్డకేమైనా అవుతుందేమోనని టెన్షన్ మేడం.

గైనకాలజిస్టు: అది వట్టి భయం కాదమ్మా. నెలలు నిండాక ఆ ముప్పు పెద్ద వయసులో కాస్త ఎక్కువే. అందుకే కదలికలు తగ్గితే తెల్లారేదాకా ఆగకుండా రమ్మంటాం. అయితే 39 వారాలకు నొప్పులు తెప్పించే దారి కూడా ఉంది. బ్రిటన్‌లో 35 దాటిన 619 మంది తొలిచూలు తల్లుల మీద జరిగిన అధ్యయనం 2016లో వచ్చింది. అలా నొప్పులు తెప్పించినవాళ్లలో సిజేరియన్లు 32 శాతం, వేచి చూసినవాళ్లలో 33. నొప్పులు తెప్పిస్తే చివరికి కొయ్యాల్సిందే అనే మాట అక్కడ నిలవలేదు.

యాంకర్: కోతే సేఫ్ అంటారు కదా ఇంట్లో?

గైనకాలజిస్టు: మళ్లీ గర్భం వస్తే? పాత కుట్టు మీద మాయ అతుక్కుంటే రక్తం ఎలా పోతుందో ఆపరేషన్ థియేటర్లో ఉన్నవాళ్లకి తెలుసు. అలాగని నార్మలే కావాలని మొండికెయ్యొద్దు. మాయ దారికి అడ్డం పడితే ఆపరేషనే, ఇంకో మాట లేదు.

పిల్లల డాక్టరు: ఇంకోటి. కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రిలో రాత్రంతా డ్యూటీ డాక్టర్లుంటారు. చిన్న నర్సింగ్‌హోమ్‌లో అర్ధరాత్రి మత్తు డాక్టర్‌ని ఇంటి నుంచి పిలిపించాలి. పగటిపూట డేట్లకు అదీ ఒక కారణం, ఎవరూ పైకి చెప్పరు. చేరేముందే అడగండి.

ఫోన్‌లో: అత్తయ్యగారు పక్కనే వింటున్నారు మేడం.

గైనకాలజిస్టు: మంచిది, ఫోను ఆవిడకివ్వమ్మా.