హలో ఎవరి పేరూ కాదు

శ్రోతలకు నమస్కారం. ఫోనెత్తగానే మనం అనే ‘హలో’ గురించి వాట్సాప్‌లో ఒక కథ తిరుగుతూ ఉంటుంది. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ ప్రియురాలి పేరు మార్గరెట్ హలో అట, ఆయన ఫోన్‌లో మొదట పిలిచింది ఆమెనేనట. ఇది పూర్తిగా కల్పన. 1876 మార్చి 10న బెల్ పిలిచింది పక్కగదిలో ఉన్న తన సహాయకుడు వాట్సన్‌ని, ఇలా రమ్మని.

బెల్ మనసిచ్చిన అమ్మాయి మేబెల్ హబ్బర్డ్. ఐదేళ్ల వయసులో స్కార్లెట్ జ్వరం వచ్చి ఆమెకు వినికిడి పోయింది. పెదవుల కదలికను బట్టి ఎదుటివారి మాట పోల్చుకునేవారు. బెల్ ఆమెకు గురువు. 1877 జులైలో పెళ్లయినప్పుడు ఆయన టెలిఫోన్ కంపెనీలో తన వాటాల్లోంచి పదింటిని మాత్రం ఉంచుకుని, మిగతావన్నీ ఆమెకు కానుకగా రాసిచ్చేశారు. ఇంత చక్కని నిజం ఉండగా లేని మార్గరెట్‌ను ప్రచారం చేయడం నాకు బాధగానే ఉంటుంది.

ఇంతకీ ఫోన్‌లో బెల్ వాడిన పలకరింపు ‘అహోయ్’. ఓడలవాళ్లు మరో ఓడను కేకేసే మాట అది.

హలోను ఫోన్‌కు తగిలించింది థామస్ ఎడిసన్. తొలిరోజుల్లో రెండు ఆఫీసుల మధ్య లైను ఎప్పుడూ తెరిచే ఉంచాలన్న ఆలోచన ఉండేది. మరి అవతలి మనిషిని ఫోన్ దగ్గరికి రప్పించేదెలా? 1877 ఆగస్టు 15న పిట్స్‌బర్గ్‌లోని ఒక టెలిగ్రాఫ్ కంపెనీ అధ్యక్షుడికి ఎడిసన్ ఉత్తరం రాశారు. పిలుపుగంట అక్కర్లేదు, హలో అంటే 10 నుంచి 20 అడుగుల దూరానికి వినిపిస్తుంది అన్నారు. చిన్నతనంలోనే వినికిడి మందగించిన మనిషి చెప్పిన మాట ఇది!

అలాగని ఆయన పుట్టించిన మాటా కాదు. 1820ల నాటికే అమెరికా పత్రికల్లో అచ్చయింది. హాలో, హొల్లో, హొల్లా అంటూ దాని పాత రూపాలు ఇంకా ముందే ఉన్నాయి. వేటకుక్కల్ని ఉసిగొల్పడానికీ, దూరాన ఉన్నవారిని ఆపడానికీ వేసే కేకలవి. ఫోన్ ఎక్స్ఛేంజీలు వచ్చాకే ఆ కేక మర్యాద నేర్చుకుంది. అక్కడ పనిచేసే ఆడపిల్లలకు ‘హలో గాళ్స్’ అన్న పేరే పడింది.

మనం దానికి ‘అండీ’ కూడా చేర్చుకున్నాం. అయితే బస్సు దిగి వెళ్లిపోతున్నవారిని ‘హలో మాస్టారూ, మీ సంచి!’ అని పిలుస్తాం చూడండి, అది మాత్రం ఫోన్ పుట్టకముందరి పాత హలోయే.