పేరంటాల జాకెట్టు ముక్కలతో నా మొదటి బొంత

నమస్కారమండీ. మీరు ఇప్పుడు మా భోజనాల బల్ల మీద చూస్తున్న ఈ గుట్టలో 74 జాకెట్టు ముక్కలు ఉన్నాయి. అమెరికాలోని ఒమాహాకు వచ్చిన ఈ పదకొండేళ్ళలో వరలక్ష్మీ వ్రతాలకూ, సీమంతాలకూ, గృహప్రవేశాలకూ వెళ్ళినప్పుడు తాంబూలంతో పాటు చేతిలో పెట్టినవి కొన్ని, ఇండియా వెళ్ళిన ప్రతిసారీ అత్తలూ పిన్నులూ బొట్టు పెట్టి ఇచ్చినవి కొన్ని. ఇక్కడ జాకెట్టు కుట్టేవారు దొరకడం కష్టం. దొరికినా ముక్క ఖరీదు కంటే కుట్టుకూలి ఎన్నో రెట్లు. అయినా బొట్టు పెట్టి ఇచ్చిన గుడ్డను పారవేయడానికి చేతులు రావు. అందుకే ఈ చలికాలం వాటితో ఒక బొంత కుట్టాలని నిర్ణయించుకున్నాను. జనవరిలో మొదలుపెట్టి మార్చి చివరికి పూర్తి చేసిన ఆ పనిని ఈ వీడియోలో మొదటినుంచీ చూపిస్తాను.

‘అతుకుల బొంత’ అనే మాటను మనం మంచికి వాడం. పొంతన కుదరని కథనైనా, నిలవని పొత్తునైనా అతుకుల బొంత అని తీసిపారేస్తాం. మూడు నెలలు అతుకులు వేసిన తరువాత ఆ మాటను ఆ అర్థంలో వాడడానికి నాకు నోరు రావడం లేదు. రెండు గుడ్డ ముక్కలను ఎవరైనా కలిపి కుట్టగలరు. ఆ జాకెట్టు ముక్కల్లోంచి కోసిన నూట నలభై మూడు చదరాలు ఎక్కడా బిగవకుండా, ఎక్కడా ఉబ్బకుండా, మూలకు మూల కలిసి నేలమీద చదునుగా పరుచుకోవాలంటే ఎంత లెక్క, ఎంత ఓపిక కావాలో చేసి చూస్తేనే తెలుస్తుంది.

తెనాలి దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో ఎండాకాలంలో బొంతలు కుట్టే ఆవిడ వచ్చేది. వసారాలో పాత నూలు చీరలు నాలుగైదు పొరలుగా పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, దబ్బనంతో, లావు దారంతో వరుసలు వేసుకుంటూ పోయేది. మా బొంతల మధ్యలో దూది ఉండేది కాదు. చీర మీద చీరే. ఎన్ని ఉతుకులు పడితే అంత మెత్తన. ఇక్కడి క్విల్టుకు మూడు పొరలుంటాయి: పైన ముక్కలతో కుట్టినది, మధ్యలో పత్తిని పలుచని పరుపులా పరిచి తయారుచేసే బ్యాటింగ్, అడుగున ఒక గుడ్డ. పద్ధతి వేరు గాని, పొరలన్నిటినీ పట్టి ఉంచేది మాత్రం రెండింటిలోనూ పైనుంచి అడుగుదాకా దూరి వచ్చే ఆ కుట్టే.

మా ఇంటికి గంట దూరంలో, లింకన్ నగరంలో, నెబ్రాస్కా విశ్వవిద్యాలయానికి చెందిన అంతర్జాతీయ క్విల్ట్ మ్యూజియం ఉంది. 1997లో క్విల్టులు సేకరించే ఆర్డిస్, రాబర్ట్ జేమ్స్ దంపతులు ఇచ్చిన దాదాపు 950 క్విల్టులతో అది మొదలైంది. ఇప్పుడున్న భవనం 2008లో తెరిచారు. ఇన్నేళ్ళూ పక్కనే ఉండి కూడా వెళ్ళని నేను డిసెంబరులో మా అమ్మాయిని తీసుకుని వెళ్ళాను. అక్కడ రెండు వందల ఏళ్ళనాటి అమెరికా క్విల్టుల గురించి తెలుసుకుంటూ నిలబడిపోయాను. చింట్జ్ అనే అచ్చు గుడ్డలోంచి పువ్వులనూ పిట్టలనూ అంచు వెంబడి కత్తిరించి, తెల్లగుడ్డ మీద అమర్చి కుట్టేవారట. ఆ చింట్జ్‌నే మన పెద్దవాళ్ళు చీటీ గుడ్డ అనేవారు. ఆ గుడ్డలకు పేరుమోసిన రేవుల్లో మన బందరు ఒకటి. ఇంగ్లీషు కంపెనీ 1611లోనే అక్కడ వర్తక స్థావరం పెట్టుకుంది. ఆ గుడ్డల మోజు ఎంత ముదిరిందంటే, తమ నేతగాళ్ళ బతుకు పోతుందని ఫ్రాన్స్ 1686లో వాటిని నిషేధించింది, ఆ తరువాత కొన్నేళ్ళకే ఇంగ్లండూ నిషేధించింది. తరువాతి కాలంలో ఐరోపాలోనూ అచ్చులు వేయడం నేర్చుకున్నారు గనుక, ఆ క్విల్టులన్నింటిలోనూ ఉన్నది మన గుడ్డేనని నేను అనను. కానీ ఇంటికి రాగానే ఆ 74 ముక్కల్లోంచి బందరు పక్కనున్న పెడనలో అచ్చువేసిన కలంకారీ ముక్కలు నాలుగూ వెతికి పట్టుకుని, ముందుగా పక్కన పెట్టుకున్నాను.

మిగిలినవాటిలో ఏది నూలు, ఏది కాదు అన్నది మొదటి ప్రశ్న. చేత్తో తాకి చెప్పగలననుకున్నాను గాని గంజి పెట్టిన పాలిస్టరు చేతిని మోసం చేస్తుంది. అందుకని ఒక్కో ముక్క నుంచి రెండు పోగులు లాగి, సింకు మీద పట్టకారుతో పట్టుకుని అంటించి చూశాను. నూలు పోగు కాగితం కాలిన వాసనతో కాలి, వేలితో నలిపితే పొడి అయ్యే బూడిద మిగిలింది. పాలిస్టరు కరిగి, నల్లగా గట్టిపడి, చిన్న పూసలా మిగిలింది. ఆ పరీక్షలో నిలిచినవి 31 మాత్రమే. రెండూ కలిపి కుడితే ఏమవుతుందని అడగవచ్చు. నూలుకు కావలసిన వేడిలో ఇస్త్రీ చేస్తే పాలిస్టరు ముడుచుకుపోతుంది, ఉతికినప్పుడు నూలు కుంచించుకుంటే పాలిస్టరు అలాగే ఉంటుంది, అతుకు దగ్గర గుడ్డ ముడతలు పడుతుంది.

ఆ తరువాత ఉతకడం. కోయకముందే ప్రతి ముక్కనూ నీళ్ళలో నానబెట్టి, తడిగా ఉండగానే తెల్ల రుమాలుతో అద్ది చూశాను. ఎర్ర కలంకారీ రుమాలును గులాబీ రంగు చేసింది. నాలుగోసారి ఉతికేసరికి గాని నీళ్ళు తేరుకోలేదు. ఈ పని చేయకుండా కుట్టి ఉంటే, మొదటి ఉతుకులోనే పక్కనున్న మీగడరంగు ముక్కలన్నీ పాడయ్యేవి. గంజి పోయి, కుంచించుకోవలసినంతా కుంచించుకున్నాక ఇస్త్రీ చేసి మడత పెట్టాను.

కోత గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పిజ్జా కోసే చక్రంలాంటి రోటరీ కట్టరును 1979లో జపానుకు చెందిన ఓల్ఫా సంస్థ తెచ్చింది. కత్తెరతో ఒక్కో ముక్కా గీసుకుని కోసే పనిని అది ఎంతో తేలిక చేసింది. నాలుగు పొరలు ఒకేసారి పెట్టి, స్కేలు ఆనించి కోయవచ్చు. అయితే స్కేలును ఎలా ఆనిస్తామన్నదే ముఖ్యం. పడుగు పోగుకు గాని పేక పోగుకు గాని సరిగ్గా సమాంతరంగా కోస్తే ముక్క కదలదు. కొద్దిగా ఏటవాలైతే అంచు సాగుతుంది. క్రాస్ కటింగ్ జాకెట్టు ఒంటికి సాగి ఎందుకు పడుతుందో మనలో చాలామందికి తెలుసు. అక్కడ కావాలని చేసే ఆ పనే ఇక్కడ చేటు. నేను అయిదంగుళాల చదరాలు కోసుకున్నాను. నాలుగు వైపులా కుట్టులోకి పావంగుళం చొప్పున పోతే నాలుగున్నర అంగుళాలు కనిపిస్తాయి. అడ్డం 11, నిలువు 13, మొత్తం 143.

ఇక నేను చేసిన పొరపాటు. నాకు జాకెట్టు కుట్టడం వచ్చు గనుక పావంగుళం కుట్టు కంటి అంచనాతో వేయగలననే ధీమాతో మొదటి మూడు వరుసలు కుట్టేశాను. పదకొండు చదరాల వరుస 50 అంగుళాలు రావాలి. టేపు పెట్టి కొలిస్తే ఒకటి 49 పావు, ఇంకొకటి 48 ముప్పావు, మూడోది 49న్నర. ఎందుకని లెక్క వేశాను. కుట్టు అంగుళంలో పదహారో వంతు లోపలికి జరిగితే, రెండు ముక్కల్లోనూ కలిపి ఎనిమిదో వంతు పోతుంది. వరుసకు పది కుట్లు గనుక అంగుళంపావు మాయమవుతుంది. జాకెట్టులో పదహారో వంతు ఎక్కడో సర్దుకుంటుంది. ఇక్కడ సర్దుకునే చోటు లేదు. ఒక వరుసలోని మూల పక్క వరుసలోని మూలకు అరంగుళం దూరంలో ఆగిపోతుంది. ఆ రాత్రి ముప్పై కుట్లూ విప్పాను. మరునాడు సూది నుంచి సరిగ్గా పావంగుళం కొలిచి, మిషను మీద టేపు ముక్క అంటించాను. దాన్ని కూడా రెండు పోగులు తక్కువగానే పెట్టాను, ఎందుకంటే అతుకును మడిచి ఇస్త్రీ చేసినప్పుడు ఆ మడత మందం రెండు పోగులను తినేస్తుంది. కుట్టు పొడవు రెండు మిల్లీమీటర్లకు తగ్గించాను. అప్పటినుంచి ప్రతి వరుసా 50కి ఒక గీత అటూఇటూగా వచ్చింది.

చదరాలను జతలు జతలుగా, దారం తెంచకుండా ఒకదాని వెనుక ఒకటి మిషను కిందికి పంపితే అవతలివైపు మామిడాకుల తోరణంలా వేలాడుతూ బయటికి వస్తాయి. మీరిప్పుడు చూస్తున్నది అదే. అన్నీ కుట్టాక మధ్య దారాలు కత్తిరించుకోవాలి. ఈ పనిలో నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇది.

కుట్టకముందు అమరిక కోసం రెండు రాత్రులు పట్టింది. హాల్లో నేల మీద అన్నీ పరిచి చూస్తే ఒక మూల బరువుగా, ఒక మూల వెలవెలబోతూ కనిపించింది గాని కారణం అర్థం కాలేదు. మా అమ్మాయి ఫోనుతో ఫోటో తీసి, దాన్ని నలుపు-తెలుపులోకి మార్చి చూపించింది. రంగు పోయేసరికి ముదురువన్నీ ఒకవైపే గుమిగూడి ఉన్నట్లు తేలిపోయింది. పసుపు, ఎరుపు, పచ్చ అని చూడడం మానేసి ముదురు, లేత అని చూస్తూ మళ్ళీ పేర్చాం.

వరుసలను కలిపేటప్పుడు ఇస్త్రీ ముఖ్యం. మొదటి వరుసలోని అతుకు మడతలన్నీ కుడివైపుకూ, రెండో వరుసవి ఎడమవైపుకూ నొక్కాలి. అప్పుడు రెండు వరుసలనూ ఎదురెదురుగా పెట్టి వేలితో రాస్తే, ఒక మడత మరొక మడత పక్కన ఒదిగి ఆగిపోయిన సంగతి వేలి కొసకు తెలుస్తుంది. అక్కడ గుండుసూది గుచ్చితే మూలలు కలుస్తాయి. ఇస్త్రీపెట్టెను చొక్కా మీద లాగినట్లు లాగకూడదు. ఎత్తి, దించి, నొక్కాలి.

అడుగు పొరకు ఏం వాడాలన్నప్పుడు అమ్మ ఇచ్చిన ఆకుపచ్చ మంగళగిరి నూలు చీర గుర్తొచ్చింది. కోయడానికి మనసు రాక ఫోను చేశాను.

“కోసేదానికేముందే, నేను కట్టినన్నాళ్ళు కట్టాను. నీకు వెచ్చగా ఉంటే చాలు. అంచు మాత్రం పారేయకు” అంది అమ్మ.

చీర పన్నా ఒక్కటీ చాలదు గనుక రెండు నిడివులు జోడించి, పైపొర కంటే అన్నివైపులా నాలుగంగుళాలు ఎక్కువ ఉండేలా చూసుకున్నాను. జరీ అంచును విడదీసి దాచాను. చీరను తిరగేసి నేలకు టేపుతో బిగువుగా అంటించి, బ్యాటింగ్ పరిచి, పైపొర వేసి, మధ్య నుంచి అంచులవైపు పిడికిలికొకటి చొప్పున పిన్నీసులు పెట్టుకుంటూ వచ్చాను. మోకాళ్ళ మీద చేసే ఈ పనికి ఒక ఆదివారమంతా పట్టింది.

ఆఖరి కుట్టు మిషనుతో వేయవచ్చు. చాలామంది అలాగే చేస్తారు. నేను చేత్తో వేశాను. మూరెడు దారం తీసుకుని, కొసన చిన్న ముడి వేసి, పైనుంచి సూదిని పైపొరలోకి దించి ఒక్క కుదుపు ఇస్తే ‘టప్’ మని చిన్న చప్పుడుతో ముడి గుడ్డలోంచి దూరి, దూదిలో చిక్కుకుని ఆగిపోతుంది. ఇక అది కంటికి కనిపించదు. అడుగునున్న వేలికి సూదిమొన తగిలిందంటేనే మూడు పొరలూ దాటిందని నమ్మకం. రెండంగుళాలపావు దూరంతో, నిలువునా 22 వరుసలు. రోజుకొక వరుస కూడా సాగని రోజులున్నాయి. మొదటి వరుసలో కుట్లు వడ్లగింజ పొడవున, ఎగుడుదిగుడుగా ఉన్నాయి. పదో వరుస దాటాక చెయ్యి తనంతట తాను కొలుచుకోవడం మొదలుపెట్టింది. వాటిని విప్పి సరిచేయలేదు.

చివరగా రెండున్నర అంగుళాల పట్టీలతో చుట్టూ అంచు కట్టి, దాచిన జరీ అంచులోంచి జానెడు ముక్కను వెనుకవైపు ఒక మూలన కుట్టాను. ఉతికి ఆరేశాక అతుకుల పక్కన సన్నని ముడతలు తేలి, కొత్త గుడ్డ మెరుపు పోయి, చేతికి అమ్మమ్మగారింటి బొంతలాగే తగిలింది.

వీడియో కాల్‌లో చూపించినప్పుడు అమ్మ పైవైపు రంగులు ఒక్క నిమిషం చూసింది. జాకెట్టైనా పరికిణీ అయినా లోపలి కుట్టు చూడకుండా బాగుందనే అలవాటు తనకు లేదు.

“ఏదీ, తిరగేసి చూపించు” అంది.

తిరగేసి, కెమెరాను మొదటి వరుస నుంచి ఇరవై రెండో వరుస దాకా మెల్లగా జరిపాను. తాను కట్టిన చీర మీద, తన కూతురి కుట్లను, అమ్మ చివరి వరుస దాకా చూసింది.