తీర్పులో వద్దు, పద్దులో వేలు పెట్టండి

పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ఆదివారం సాయంత్రం, మన విశాఖ బీచ్ రోడ్డులో గాలి మొదలయ్యే వేళ, దాన్ని వదిలేసి ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి ఇంతమంది వచ్చారంటే మీలో సగం మంది చేతులు కాల్చుకున్నవాళ్లే అయ్యుంటారు. నేనూ ఆ బాపతే.

రిజిస్ట్రేషన్ శాఖలో ముప్పై ఏళ్లు పని చేశాను. ఈసీలు, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రాలు, తీసి తీసి, లింకు డాక్యుమెంట్లు తిరగేసి తిరగేసి కళ్లద్దాల నంబరు పెంచుకున్నవాణ్ణి. రిటైరయ్యాక ఆనందపురం దాటి ఒక వెంచర్లో రెండొందల గజాలు కొందామని వెళ్లాను. ఏజెంటు కుర్రాడు కారు పెట్టి మరీ తీసుకెళ్లాడు. ఎర్రమట్టి రోడ్డు, సున్నం కొట్టిన హద్దురాళ్లు, గాలికి టపటపలాడే జెండాలు, మోకాలెత్తు కొబ్బరి మొక్కలు. మా ఆవిడ ఒక మొక్క దగ్గర ఆగి చెప్పుతో కాస్త కదిపింది. నర్సరీ వాళ్ల నల్ల ప్లాస్టిక్ సంచితో సహా పైకొచ్చింది. ఆవిడ నా వంక చూసింది. నేను పాంప్లెట్ వంక చూశాను. అడుగున చీమతలకాయంత అక్షరాల్లో రెరా నంబరుంది, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ దగ్గర ప్రాజెక్టు రిజిస్టరైన నంబరు. "ఏటి మాస్టారూ ఇంకా ఆలోచిస్తన్నారు? రేపట్నుంచి గజానికి ఐదొందలు పెరిగిపోద్ది" అన్నాడు కుర్రాడు. నంబరుంది కదా అని అడ్వాన్సు ఇచ్చేశాను.

నంబరు అబద్ధం కాదు. అదే కంపెనీ ఇంకో ఊళ్లో వేసిన ఇంకో వెంచర్‌ది. మేం నిలబడిన నేలకి నంబరే లేదు. రెరా వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే రెండు నిమిషాల పని. ముప్పై ఏళ్లు ఊరందరికీ కాగితాలు చూసుకోండి బాబూ అని చెప్పినవాణ్ణి, నా దాకా వచ్చేసరికి కొబ్బరి మొక్క చెప్పినా వినలేదు.

సరే, నా సొద తర్వాత. ఇవాళ నాకిచ్చిన అంశం, రియల్ ఎస్టేట్‌లో లైసెన్సులిచ్చే సంస్థ మీద ప్రభుత్వం కన్ను ఎలా ఉండాలి అని. ఉండాలా వద్దా అన్నది పెద్ద ప్రశ్న కాదు, చట్టంలోనే ఉంది. ఆ కన్ను ఎటు చూస్తోంది అన్నదే నా ప్రశ్న.

రెరా చట్టం 2016లో వచ్చింది, 2017 మే 1 నుంచి పూర్తిగా అమలైంది. అంతకుముందు మన ఊళ్లో ఆటో తోలాలంటే లైసెన్సు కావాలి, అరకోటి స్థలం అమ్మిపెట్టడానికి మాత్రం సెల్‌ఫోనుంటే చాలు. ఇప్పుడు 500 చదరపు మీటర్లు మించిన లేఅవుటైనా, ఎనిమిది ఫ్లాట్లు మించిన అపార్ట్‌మెంటైనా రిజిస్టరు కావాలి. వాటిని అమ్మే ఏజెంటూ రిజిస్టరు కావాలి. రిజిస్టరు కాని ప్రాజెక్టుని ఏజెంటు అమ్మితే రోజుకి పదివేల చొప్పున, ఆ స్థలం ధరలో ఐదు శాతం దాకా జరిమానా పడుతుంది. అగ్రిమెంటు రిజిస్టరు చెయ్యకుండా పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. కొన్నవాళ్లిచ్చిన డబ్బులో 70 శాతం వేరే ఖాతాలో ఉంచి ఆ ప్రాజెక్టుకే ఖర్చు పెట్టాలి. కాగితం మీద ఇంత గట్టి చట్టం నా సర్వీసులో నేను చూళ్లేదు.

మరి ఆ చట్టాన్ని నడిపే సంస్థని ఎవరు చూస్తారు? ఇక్కడ కాసేపు అమెరికా వెళ్దాం, వీసా అక్కర్లేదు. అక్కడ ఏజెంట్లకి లైసెన్సులిచ్చేవి రాష్ట్ర కమిషన్లు. వాటిలో చాలాచోట్ల సభ్యులు ఎక్కువమంది ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లే. కెంటకీ రాష్ట్రంలో కొందరు బ్రోకర్లు తమ కమీషన్‌లో కొంత కొనేవాళ్లకి తిరిగిస్తామన్నారు. కమిషన్ కుదరదంది. పక్కవాడు ధర తగ్గిస్తే మిగతావాళ్లకి నష్టం కదా! 2005లో అక్కడి కేంద్ర న్యాయశాఖ ఆ కమిషన్ మీదే దావా వేసింది. ఆ ఏడాదే కమిషన్ వెనక్కి తగ్గింది.

అంతకంటే పెద్ద కథ పళ్ల డాక్టర్లది. నార్త్ కరోలినా డెంటల్ బోర్డులో ఎనిమిది మందిలో ఆరుగురు ప్రాక్టీసు చేస్తున్న దంతవైద్యులు. మాల్స్‌లో తక్కువ ధరకి పళ్లు తెల్లబరిచే వాళ్లకి బోర్డు ఆపేయమని ఉత్తరాలు రాసింది. గొడవ అక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వ్యాపారంలో ఉన్నవాళ్లే బోర్డుని నడిపిస్తుంటే, దాన్ని ప్రభుత్వం నిజంగా పర్యవేక్షించాల్సిందేననీ, లేకపోతే వ్యాపారంలో పోటీని అడ్డుకోకూడదనే చట్టం నుంచి దానికి మినహాయింపు ఉండదనీ 2015 ఫిబ్రవరిలో ఆరుగురు న్యాయమూర్తులు ఒకవైపు, ముగ్గురు ఇంకోవైపుగా తీర్పొచ్చింది. బోర్డు మీద ప్రభుత్వం ముద్ర ఉంటే చాలదు, బోర్డు చేసిన పనిని చూసి, అవసరమైతే కాదనగలిగే వాళ్లుండాలని దాని సారాంశం.

మన దగ్గర జబ్బు వేరు. రెరాలో బ్రోకర్లు కూర్చోరు. ఛైర్‌పర్సన్నీ సభ్యుల్నీ ఎంపిక చేసే కమిటీలో హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి లేదా వారు పంపినవారు ఒకరు, గృహనిర్మాణ శాఖ కార్యదర్శి, న్యాయశాఖ కార్యదర్శి. ముగ్గురిలో ఇద్దరు ప్రభుత్వం మనుషులు. కుర్చీలో కూర్చునేది తరచూ రిటైరైన అధికారులు. రెరాలు మాజీ అధికారుల పునరావాస కేంద్రాలయ్యాయని 2024లో మన సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఒకరు విచారణలో అనేశారు. నేనూ రిటైరైనవాణ్ణే కాబట్టి ఆ మాట కొంచెం చురుక్కుమంది.

ఇంకోటి చూడండి. చట్టంలో ప్రమోటర్ అంటే ప్రైవేటు బిల్డరొక్కడే కాదు, జనానికి అమ్మడానికి లేఅవుట్లు వేసే పట్టణాభివృద్ధి సంస్థలూ వస్తాయి. అంటే సిరిపురంలో మన వీఎంఆర్డీఏ, మా వయసు వాళ్లకి ఇప్పటికీ వుడానే, అది ప్లాట్లు వేసి అమ్మినా రెరా ముందు ప్రమోటరే. వాళ్లు తప్పు చేశారని నేననడం లేదు. అక్కడ అమ్మేవాళ్లు బోర్డులో కూర్చుంటే, ఇక్కడ బోర్డుని కూర్చోబెట్టేవాళ్లు అమ్మకాల్లోనూ ఉన్నారు. పైగా విధానపరమైన విషయాల్లో రెరాకి ప్రభుత్వం ఆదేశాలివ్వొచ్చు. ఏది విధానం, ఏది కాదు అని పేచీ వస్తే ప్రభుత్వం మాటే చివరిది. అథారిటీ విధులు సరిగ్గా చెయ్యడం లేదనుకుంటే ఆరు నెలల దాకా దాన్ని పక్కన పెట్టి పగ్గాలు వేరేవాళ్లకి అప్పజెప్పనూ వచ్చు. అసలు అంత దూరం వెళ్లనక్కర్లేదు. ఖాళీ అయిన కుర్చీ నింపకుండా కూర్చుంటే చాలు.

అందుకే ప్రభుత్వ పర్యవేక్షణ అని ఎవరైనా ఉత్సాహంగా అంటే నేను ఏది చూస్తారని అడుగుతాను. ఫలానా బిల్డరు కేసు ఏమైందని ఫోన్ చెయ్యడం పర్యవేక్షణ కాదు. తీర్పులో వేలు పెట్టొద్దు. పద్దులో పెట్టండి. ఎన్ని ఫిర్యాదులొచ్చాయి, ఎన్ని అరవై రోజుల్లో తేలాయి? చట్టంలో గడువు అదే, దాటితే ఎందుకు దాటిందో రాతపూర్వకంగా చెప్పాలి. ఆ రాసిన కారణాలు ఎవరైనా చదువుతున్నారా? రెరా లెక్కలు ప్రభుత్వ ఖాతాలు తనిఖీ చేసే కాగ్ ఆడిట్ చేస్తుంది, ఏటా నివేదిక శాసనసభ ముందు పెట్టాలి. ఈ ఊరి భూముల మీద 2017లో ఒక సిట్, అంటే ప్రత్యేక దర్యాప్తు బృందం, 2019లో ఇంకో సిట్ వేశారు. సిట్ అంటే పేపర్లో ఫొటో వస్తుంది. వార్షిక నివేదిక మీద ప్రశ్న అడిగితే ఫొటో రాదు. అదీ మన ఇబ్బంది.

ఇప్పుడు నా సొద. ఫిర్యాదు పెట్టాను, ఆఫీసు విజయవాడలో. అరవై రోజులు దాటింది, చాలానే దాటింది. చివరికి అడ్వాన్సు వడ్డీతో తిరిగివ్వమని ఆర్డరొచ్చింది. మా ఆవిడ ఆ రోజు పాయసం చేసింది. తొందరపడింది.

కంపెనీ కట్టలేదు. అప్పుడు ఆ డబ్బుని భూమిశిస్తు బకాయిలా వసూలు చెయ్యాలి, అంటే 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టం. రెరా కాగితం కలెక్టరేట్‌కి, అక్కణ్ణుంచి కిందికి వెళ్తుంది. ఏ ఆఫీసో చెప్పను. గుమస్తా పాతికేళ్ల కుర్రాడు, మర్యాదగానే మాట్లాడాడు. ఇనుప బీరువా తీసి కట్ట ఒకటి బల్ల మీద పెట్టాడు. తెల్లదారంతో కట్టి ఉంది. నా కాగితం పైనుంచి మూడోదో నాలుగోదో. అడుగునున్న వాటి అంచులు పసుపురంగుకి తిరిగాయి. "ఇవన్నీ రెరావేనా బాబూ?" అంటే, "అవునండి మాస్టారూ, మాకు ఎన్నికల పనులు, సర్వేలు, ప్రోటోకాల్ డ్యూటీలు... ఇవి ఎప్పుడు చెయ్యమంటారు చెప్పండి" అన్నాడు. నేను ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణే. ఆ కుర్రాడి మీద కోపం రాలేదు.

ఆ బీరువా రెరాది కాదు, ప్రభుత్వానిది. రెరా సరిగ్గా పని చేస్తోందా అని అడిగే ప్రభుత్వం చేతిలోనే రెరా ఆర్డర్ల అమలు ఉంది. రెరా తన నివేదికలో ఆర్డరిచ్చాం అని రాసుకుంటుంది, రెవెన్యూ శాఖ లెక్కల్లో అదొక పెండింగ్ కాగితం. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూసే పని ఎవరి జాబ్‌చార్టులోనూ లేదు. అమెరికా కోర్టు పర్యవేక్షణ ఎలా ఉండాలో చెప్పింది గానీ, ఈ బీరువా సంగతి దానికి తెలీదు పాపం.

నేనూ, మా కాలనీ వాళ్లు ఇద్దరూ కలిసి సమాచార హక్కు దరఖాస్తు తయారు చేశాం. అందులో అడిగింది మూడే. విశాఖ జిల్లాకి రెరా నుంచి ఇప్పటిదాకా ఎన్ని రికవరీ ఉత్తర్వులొచ్చాయి, ఎన్నిట్లో డబ్బు వసూలై కొన్నవాళ్లకి చేరింది, రెరా వార్షిక నివేదికలు శాసనసభ ముందు ఏయే తేదీల్లో పెట్టారు. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. మీలో ఎవరి దగ్గరైనా అమలుకాని ఆర్డరుంటే దాని నంబరూ తేదీ కావాలి, పేరు అక్కర్లేదు. గుమ్మం దగ్గర బల్ల మీద లాంగ్ నోట్‌బుక్ పెట్టాం. పెన్ను దారంతో కట్టి ఉంది, దయచేసి పట్టుకెళ్లకండి.