చదువుల పగ్గాలు ఢిల్లీకి ఎలా వెళ్లాయి? కేంద్ర విద్యాశాఖ కథ

నమస్తే అండీ! కేంద్ర విద్యాశాఖ చరిత్ర అనగానే మంత్రుల జాబితా చదువుతానని భయపడకండి. ఈ కథలో అసలు తగువు ఒక్కటే. మన పిల్లల చదువు ఎవరి చేతిలో ఉండాలి, ఢిల్లీ చేతిలోనా, రాష్ట్రాల చేతిలోనా?

బ్రిటిష్ వాళ్ల హయాంలో చాలాకాలం విద్య హోంశాఖ కిందే ఉండేది. అవును, పోలీసులను చూసుకునే శాఖే! 1910లో విడిగా శాఖ పెట్టారు. 1923 వచ్చేసరికి ఆరోగ్యం, భూములతో కలిపి ఒకే శాఖగా కట్టేశారు. అప్పటికే 1919 సంస్కరణలతో చదువు బాధ్యత చాలావరకు ప్రావిన్సులకు వెళ్లిపోయింది లెండి, ఢిల్లీలో చేయడానికి పెద్దగా పనేమీ మిగల్లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక విద్యామంత్రి మౌలానా అబుల్ కలాం ఆజాద్. ఆయన చదువంతా ఇంట్లోనే సాగింది. అలాంటి మనిషి హయాంలోనే 1951లో ఖరగ్‌పూర్ ఐఐటీ, 1953లో విశ్వవిద్యాలయాలను చూసుకునే యూజీసీ మొదలయ్యాయి. 1958లో కన్నుమూసేదాకా ఆ బాధ్యత ఆయనదే. కానీ బడుల జోలికి ఢిల్లీ పెద్దగా రాలేదు, ఎందుకంటే అప్పట్లో రాజ్యాంగంలో విద్య రాష్ట్రాల జాబితాలో, అంటే రాష్ట్రాలు చట్టాలు చేసే అంశాల్లో ఉండేది.

కథ మలుపు తిరిగింది 1976లో. ఎమర్జెన్సీ నడుస్తోంది, ప్రతిపక్ష నేతల్లో చాలామంది జైళ్లలో ఉన్నారు. అలాంటి సమయంలో 42వ సవరణతో విద్యను ఉమ్మడి జాబితాలోకి మార్చేశారు. అంటే, కేంద్రం కూడా చట్టం చేయొచ్చు, రెండు చట్టాలకూ పొంతన కుదరకపోతే మామూలుగా కేంద్రానిదే చెల్లుతుంది. ఇంత పెద్ద మార్పు అలాంటి వాతావరణంలో జరగడం నాకైతే మింగుడుపడదు.

ఆ అధికారాన్ని గట్టిగా వాడుకున్నది మన పీవీ గారే. 1985లో రాజీవ్ గాంధీ ఈ శాఖకు మానవ వనరుల అభివృద్ధి శాఖ అని కొత్త బోర్డు పెట్టించి, పీవీని మంత్రిని చేశారు. పీవీ అంతకుముందే, 1971లో, సర్వేల్‌లో గురుకుల పాఠశాల పెట్టించారు. పల్లె పిల్లలకు హాస్టల్‌తో సహా మంచి చదువన్న ఆ ఆలోచనే ఆయన మంత్రిగా ఉన్నప్పటి 1986 విద్యావిధానంలోని నవోదయ విద్యాలయాల్లోనూ కనిపిస్తుంది.

అదే విద్యావిధానంలో ఇంకోటి ఉంది, ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్. ప్రతి ప్రాథమిక పాఠశాలకూ వానకు తడవని రెండు గదులు, ఒక వరండా, ఆడపిల్లలకు, మగపిల్లలకు వేర్వేరు మరుగుదొడ్లు, కనీసం ఇద్దరు టీచర్లు, వీలైతే వాళ్లలో ఒకరు మహిళ, నల్లబల్ల, మ్యాపులు, ఆటవస్తువులు. స్వాతంత్ర్యం వచ్చి నలభై ఏళ్లవుతుంటే దేశం రాసుకున్న కోరికల చిట్టా ఇది! అమలు అంతంతమాత్రమే అయినా, ఢిల్లీ నేరుగా పల్లె బడి గదిలోకి అడుగుపెట్టింది అప్పుడే.

ఆ తర్వాత పిల్లలందరినీ బడికి రప్పించే సర్వశిక్షా అభియాన్ పథకం, 2010 నుంచి విద్యాహక్కు చట్టం. 2020లో కొత్త విద్యావిధానంతో పాటు విద్యామంత్రిత్వ శాఖ అన్న పాత బోర్డే మళ్లీ వచ్చింది.

తగువు మాత్రం అలాగే ఉంది. బడులకు కేంద్రం, రాష్ట్రాలు కలిసి డబ్బు పెట్టే సమగ్ర శిక్ష పథకంలో చాలా రాష్ట్రాలకు కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రానిది 40. ఎంపిక చేసిన బడులను మెరుగుపరిచే కేంద్ర పథకం పీఎం శ్రీ ఒప్పందంపై సంతకం పెట్టలేదని ఆ డబ్బు ఆపేశారంటూ తమిళనాడు 2025లో సుప్రీంకోర్టుకెక్కింది.