గడ్డి మీది పిడుదు, ఆవు మీది పిడుదు: శ్రోతల ప్రశ్నలు, డాక్టరు గారి జవాబులు

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. పశువుల ఒంటి మీద పిడుదులు కనిపించడం కొత్తేమీ కాదు. ఆ పిడుదులను పట్టుకుని, వాటి లోపల మనుషులకూ పశువులకూ జబ్బు చేసే సూక్ష్మజీవులు ఉన్నాయేమో చూసే సర్వేల గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. పశువైద్యంలో పరాన్నజీవుల విభాగంలో పనిచేస్తున్న డాక్టరు గారు మనతో ఉన్నారు. మొదటి ఫోను తీసుకుందాం. హలో, చెప్పండి.

శ్రోత: నమస్కారమండీ. నాకు పాడి పశువులున్నాయి. ఈ మధ్య ఇద్దరు కుర్రాళ్లు వచ్చి, తెల్లగుడ్డ ఒకటి పచ్చిక మీద ఈడ్చుకుంటూ తిరిగారు. పిడుదులు పడుతున్నామన్నారు. మా ఆవుల మీద కావలసినన్ని ఉన్నాయి, తీసుకోండి అన్నాను. కొన్ని తీసుకున్నారు గానీ మళ్లీ ఆ గడ్డిలోకే వెళ్లారు. ఆవుల మీదవి పనికిరావా?

డాక్టర్: పనికొస్తాయండి. కాకపోతే అవి చెప్పే సంగతి వేరు, గడ్డి మీదవి చెప్పే సంగతి వేరు. ఆవు ఒంటి మీద రక్తం తాగుతున్న పిడుదును తీసి పరీక్షిస్తే, దొరికిన సూక్ష్మజీవి పిడుదుదో, అది అప్పుడే తాగిన రక్తంలోదో తేల్చలేం. ఆ జబ్బును ఇంకో పశువుకు అంటించే శక్తి ఆ జాతి పిడుదుకు లేకపోయినా సరే, పరీక్షలో మాత్రం ఉన్నట్టే వస్తుంది. గడ్డి కొన మీద ఆకలితో కాచుకున్న పిడుదు అలా కాదు. అంతకుముందు తాగిన రక్తాన్ని అరిగించుకుని, కుబుసం విడిచి, తరవాతి దశకు వచ్చిన పిడుదు అది. ఇంత జరిగాక కూడా సూక్ష్మజీవి దాని ఒంట్లో నిలిచి ఉంటే, అది ఇక మీదట కరవబోయే ప్రాణికి చేరే అవకాశం గట్టిగా ఉన్నట్టు. అందుకే ఆ పిల్లలు గడ్డిలోకి వెళ్లారు.

శ్రోత: ఉత్త గుడ్డకే పట్టుకుంటాయా అవి?

డాక్టర్: పట్టుకుంటాయి. గడ్డిపోచ కొసకు ఎక్కి, వెనక కాళ్లతో పోచను పట్టుకుని, ముందు కాళ్లు రెండూ గాలిలోకి చాచి ఉంటాయి. ఆ ముందు కాళ్ల చివర చిన్న గుంట లాంటి అవయవం ఉంటుంది. మన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును, ఒంటి వాసనను, వేడిని దానితోనే పసిగడతాయి. ఏది తగిలినా పట్టేసుకుంటాయి. మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న నూగు గుడ్డను మెల్లగా ఈడుస్తూ, పది ఇరవై మీటర్లకు ఒకసారి ఆగి, తిరగేసి చూడాలి. ఆగకుండా వెళితే ఎక్కినవి రాలిపోతాయి. మంచు తడి ఆరకముందు వెళ్లినా పని కాదు.

ఇంకో చిక్కుంది. హయలోమా అనే జాతి చాలావరకు గడ్డి మీద కాచుకోదు. నేల మీద దాక్కుని ఉండి, పశువు అలికిడి కాగానే పరుగెత్తుకుని వస్తుంది. గుడ్డ మాత్రమే ఈడ్చి 'ఇక్కడ హయలోమా లేదు' అని రాస్తే ఆ రాత తప్పు. దాని కోసం పొడి మంచు, అంటే గడ్డకట్టిన బొగ్గుపులుసు వాయువును ఉంచి, అందులోంచి వచ్చే వాయువుతో రప్పించే ఉచ్చులు పెట్టాలి. రిపిసెఫాలస్ మైక్రోప్లస్ అనే పశువుల పిడుదుదేమో పూర్తిగా వేరే దారి. లార్వాగా, అంటే గుడ్డులోంచి వచ్చిన పిల్లగా ఆవునెక్కితే, కుబుసాలన్నీ అక్కడే విడిచి, సుమారు మూడు వారాల తరవాత గుడ్లు పెట్టడానికే దిగుతుంది. దాని పెద్దవి కావాలంటే మీ ఆవుల దగ్గరికే రావాలి.

శ్రోత: జాతి ఏదైతే మాకేమిటండీ? మందు కొడితే పోతుంది కదా.

డాక్టర్: పోదండి, జాతి తెలియాల్సింది అందుకే. మైక్రోప్లస్ అయితే ఆ మూడు వారాలూ పశువు మీదే ఉంటుంది కాబట్టి, పశువైద్యుడు చెప్పిన మోతాదులో, చెప్పిన వ్యవధిలో పశువుకు మందు వాడితే ఫలితం ఉంటుంది. ఎర్ర మూత్రం తెప్పించే బెబీసియా క్రిమి ఈ పిడుదులో తల్లి నుంచి గుడ్ల ద్వారా పిల్లలకు వెళుతుంది. పిడుదు జబ్బును మోసుకొస్తుందని లోకం మొదట నమ్మింది కూడా ఈ జబ్బుతోనే. దానికి దగ్గరి చుట్టమైన పిడుదు మీద పరిశోధన చేసి, 1893లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ రుజువు చేశారు. ఇక పశువులకు జ్వరం తెచ్చే థైలేరియా క్రిమిని మోసే హయలోమా అనటోలికం మీ పాక గోడల పగుళ్లలో దాక్కుంటుంది. ఆవుకు మాత్రమే మందు కొట్టి గోడ పగుళ్లు పూడ్చకపోతే, ఖర్చు పెట్టినదంతా వృథా. సర్వేకు వచ్చినవాళ్లను 'మా పాకలో దొరికినది ఏ జాతి?' అని మొహమాటం లేకుండా అడగండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలండీ. తరవాతి ఫోను. హలో.

శ్రోత: నమస్తే మేడమ్. నేను పశువైద్య డిప్లొమా విద్యార్థిని. సర్వే నివేదికలో పది శాతం పాజిటివ్ అని ఉంటే, వంద పిడుదుల్లో పదింటికి సోకినట్టేనా?

డాక్టర్: ముందు ఎలా లెక్కపెట్టారో చూడమ్మా. లార్వాకూ పెద్ద పిడుదుకూ నడుమ ఉండే నింఫ్ దశలో ఉన్న పిడుదు గసగసాల గింజంత ఉంటుంది. ఒక్కొక్కదాన్నీ విడిగా పరీక్షించడం ఖర్చుతో కూడిన పని. అందుకని ఒకే చోట దొరికిన, ఒకే జాతి, ఒకే దశ పిడుదులను కలిపి నూరి గుంపుగా పరీక్షిస్తారు. 500 పిడుదులను పదేసి చొప్పున 50 గుంపులు చేశారనుకో. 5 గుంపుల్లో సూక్ష్మజీవి దొరికింది. గుంపుల్లో పది శాతం. కానీ పిడుదుల లెక్కన రూఢిగా చెప్పగలిగింది 500లో కనీసం 5, అంటే ఒక శాతం. అసలు సంఖ్య అంతకంటే ఎక్కువ ఉండవచ్చు. ఈ రెండు శాతాలనూ కలగలిపి రాస్తే జనం అనవసరంగా హడలిపోతారు.

ఇంకొకటి. పీసీఆర్ పరీక్ష పట్టుకునేది సూక్ష్మజీవి జన్యు పదార్థాన్ని. అది బతికి ఉందో లేదో ఆ పరీక్ష చెప్పదు. పైగా పిడుదుల ఒంట్లో వాటికి అవసరమైన బ్యాక్టీరియా కూడా ఉంటాయి. వాటిలో కొన్ని క్యూ జ్వరం తెచ్చే కాక్సియెల్లాకు దగ్గరి బంధువులు. జన్యు క్రమం చదవకుండా 'క్యూ జ్వరం దొరికింది' అని ప్రకటించడం తొందరపాటే.

శ్రోత: అన్ని అనుమానాలున్నప్పుడు ఈ సర్వేల వల్ల ఉపయోగం ఉందా మేడమ్?

డాక్టర్: చాలా ఉంది. అమెరికాలో కనెక్టికట్‌లోని లైమ్ పట్టణం చుట్టుపక్కల పిల్లలకు కీళ్ల వాపులు వస్తుంటే, కారణం కొన్నేళ్లపాటు అంతుపట్టలేదు. 1981లో విల్లీ బర్గ్‌డార్ఫర్ అనే శాస్త్రవేత్త న్యూయార్క్ రాష్ట్రం నుంచి తెచ్చిన పిడుదులను కోసి, జ్వరాలు తెచ్చే రికెట్సియా అనే బ్యాక్టీరియా కోసం వెతుకుతున్నారు. స్లైడు మీద ఆయనకు కనిపించింది మెలితిరిగిన పొడుగాటి బ్యాక్టీరియా. లైమ్ జబ్బుకు కారణం అదేనని మరుసటి ఏడాది ప్రకటించారు. బొర్రీలియా బర్గ్‌డార్ఫెరి అని ఇప్పుడు మనం పిలిచేది దాన్నే. వెతికింది ఒకటి, దొరికింది ఇంకొకటి. నిండా పిడుదులున్న సీసాలు చేతిలో ఉండబట్టే అది దొరికింది.

క్యాసనూర్ అటవీ వ్యాధి సంగతీ చూడు. 1957లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లాలో, క్యాసనూర్ అడవిలో కోతులు చచ్చిపడ్డాయి, ఆ చుట్టుపక్కల మనుషులకు జ్వరాలొచ్చాయి. ఆ వైరస్‌ను ముఖ్యంగా మోసేది హీమాఫైసాలిస్ స్పినిజెరా అనే పిడుదు. మనుషులను ఎక్కువగా కరిచేది దాని నింఫ్‌లే. పశువుల నుంచి ఈ వైరస్ నేరుగా మనుషులకు రాదు గానీ, అడవిలో మేసే పశువుల మీద పెద్ద పిడుదులు బాగా పెరుగుతాయి. కోతి చచ్చిన చోట వెంటనే పిడుదులను ఏరి పరీక్షిస్తే, ఆ దారిన వెళ్లే మనుషులను ముందే హెచ్చరించవచ్చు.

వ్యాఖ్యాత: ఇంకో ఫోను. చెప్పండమ్మా.

శ్రోత: డాక్టరు గారూ, మా బాబుకు మోకాలి వెనక పిడుదు పట్టుకుంది. తీసి సీసాలో పెట్టాను. పరీక్షకు పంపి, ఫలితం వచ్చాక ఆసుపత్రికి వెళ్లాలా?

డాక్టర్: ఫలితం కోసం ఆగవద్దమ్మా. పిడుదులో సూక్ష్మజీవి ఉన్నంత మాత్రాన బాబుకు సోకినట్టు కాదు, ఆ పిడుదులో లేనంత మాత్రాన భయం లేనట్టూ కాదు. మనం చూడని ఇంకో పిడుదు కరిచి ఉండవచ్చు. రెండు మూడు వారాల్లో జ్వరం, ఒంటి నొప్పులు, దద్దురు కనిపిస్తే వెంటనే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లి, ఫలానా రోజున పిడుదు కరిచిందని చెప్పండి. ఆ ఒక్క మాట చెప్పకపోవడం వల్లే చాలామందికి సరైన చికిత్స ఆలస్యమవుతుంది. ఎలా తీశారమ్మా?

శ్రోత: పట్టకారుతో లాగేశాను.

డాక్టర్: మంచి పని చేశారు. సన్న మొన పట్టకారుతో చర్మానికి ఆనుకుని పట్టి, మెలిపెట్టకుండా నిదానంగా పైకి లాగాలి. కిరోసిన్ పోయడం, నిప్పు అంటించడం చేయకూడదు. వేళ్ల మధ్య అసలు నలపకూడదు.

వ్యాఖ్యాత: లైనులో మరో శ్రోత ఉన్నారు.

శ్రోత: అమ్మా, మేకలు పెంచుతాను. మా మేకల పిడుదుల్లో ఏదో వైరస్ కోసం చూస్తున్నామని నిరుడు పట్టుకెళ్లారు. మళ్లీ ఎవరూ రాలేదు, ఫలితం చెప్పలేదు. మేకలు బాగానే ఉన్నాయి. ఏమనుకోవాలి?

డాక్టర్: ఫలితం మీకు చెప్పకపోవడం చాలా తప్పండి. పిడుదులు మీ మందవి, ప్రమాదం ఉంటే ముందుగా మీకే. ఏమీ దొరకకపోయినా వచ్చి చెప్పాలి. ఇక మేకలు బాగున్నాయన్న మాట. క్రిమియన్ కాంగో జ్వరం వైరస్ విషయంలో అది నిబ్బరమిచ్చే కబురు కాదు. వైరస్ కొన్నాళ్లు రక్తంలో ఉన్నా పశువుకు జబ్బు లక్షణాలు కనబడవు. మనిషికి సోకితే మాత్రం ప్రాణాంతకం కావచ్చు. హయలోమా కరిచినా, చేత్తో నలిపినా, వైరస్ ఉన్న పశువును కోసేటప్పుడు రక్తం తగిలినా సోకుతుంది. భారతదేశంలో ఈ జబ్బును మొదట నిర్ధారించింది 2011లో, గుజరాత్‌లో. చేతి తొడుగులు లేకుండా పిడుదులు ఏరకండి. మీ పశువైద్యుడి ద్వారా ఆ ఫలితం తప్పక అడిగించండి.

శ్రోత: ఈసారి మేమే తీసి ఇవ్వవచ్చా అమ్మా?

డాక్టర్: తప్పకుండా. డెబ్బై శాతం ఆల్కహాలు పోసిన చిన్న సీసాలో వేయండి, ఫార్మలిన్ వద్దు, జన్యు పదార్థం చెడిపోతుంది. వైరస్ కోసం వెతికేటట్టయితే ఆల్కహాలు కూడా వద్దు, వాటిని బాగా చల్లగా ఉంచి త్వరగా చేర్చాలి. అందుకని ముందు పశువైద్యుడిని అడగండి. ఒక్కో మేకవి ఒక్కో సీసాలో ఉండాలి. తేదీ, చోటు, ఏ మేక, ఒంటి మీద ఏ భాగం అన్నవి చిన్న కాగితం మీద పెన్సిలుతో రాసి సీసా లోపలే వేయండి.

శ్రోత: పెన్సిలుతోనేనా?

డాక్టర్: పెన్సిలుతోనే. పెన్ను సిరా ఆల్కహాలులో కరిగిపోతుంది. రాత పోయిన సీసా ప్రయోగశాలలో ఎందుకూ పనికిరాదు.

వ్యాఖ్యాత: రాసుకున్నారా అయ్యా?

శ్రోత: రాసుకున్నానండీ. తేదీ, చోటు, ఏ మేక, ఏ భాగం.